మార్కుల వెనక నడిచిన బాట: విద్యార్థుల డేటాలో ప్రాసెస్ మైనింగ్

మిడ్ మార్కులు నోటీసు బోర్డుకు ఎక్కిన రోజున తేలేది ఒక్కటే: ఎవరు గట్టెక్కారు, ఎవరు మిగిలిపోయారు అని. మిగిలిపోయిన పిల్లవాడు ఏ వారంలో వెనకబడ్డాడు, వెనకబడే ముందు ఏం చేశాడు, ఏం మానేశాడు అన్నది ఆ కాగితంలో ఉండదు. కాలేజీలో మూడుల్ లాంటి ఎల్‌ఎంఎస్ (పాఠాలు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే ఆ జాడ సర్వర్‌లో ఉంటుంది. వీడియో పేజీ తెరిచిన క్షణం, నోట్స్ దించుకున్న క్షణం, క్విజ్ పంపిన క్షణం, అన్నీ ఒక్కో వరుసగా నమోదై ఉంటాయి. పొలం గట్టు మీద రోజూ నడిస్తే గడ్డి అణిగి బాట పడుతుంది. ఈ వరుసలన్నీ కలిపి చూసినా అంతే, క్లాసు మొత్తం నడిచిన బాట బయటపడుతుంది. ఆ బాటను గీసి చూపే పద్ధతులకే ప్రాసెస్ మైనింగ్ అని పేరు.

ఇది చదువుల కోసం పుట్టిన విద్య కాదు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో విల్ వాన్ డెర్ ఆల్స్ట్, ఆయన సహచరులు 1990ల చివర మొదలుపెట్టిన పని. ఆఫీసు ఫైలు, ఆసుపత్రి రోగి, కంపెనీ బిల్లు కాగితం మీద రాసుకున్న పద్ధతిలోనే కదులుతున్నాయా లేదా అని కంప్యూటర్ లాగ్‌లను, అంటే అది నమోదు చేసుకున్న వరుసలను బట్టి చూడటం వారి ఉద్దేశం. అక్కడ బాగా పనిచేసింది కదా అని చదువు డేటా మీదికి ఉన్నదున్నట్టు తెస్తే బోల్తా పడతాం. ఫైలుకు ఒక క్రమం ఉంటుంది, విద్యార్థికి అలాంటిదేమీ ఉండదు. ఉదాహరణకు 2016 నుంచి తెలంగాణలో ఆన్‌లైన్‌లో నడుస్తున్న దోస్త్ డిగ్రీ ప్రవేశాలు తీసుకోండి. రిజిస్ట్రేషన్, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్, కాలేజీలో హాజరు, ఇలా నిబంధనలే వరుస కట్టి పెట్టాయి. దాని పటం చక్కగా వస్తుంది. అదే పిల్లలు డేటా స్ట్రక్చర్స్ పాఠం చదివిన తీరును గీస్తే వరంగల్ కొత్తవాడ మగ్గం దగ్గర చిక్కుపడ్డ నూలుండలా వస్తుంది. ఈ రంగంలో వాళ్లు దాన్ని స్పగెట్టి మోడల్ అంటారు. ఆ చిక్కు విప్పడమే ఇక్కడ అసలు పని. అందులో ఎక్కువ భాగం అల్గారిదం దగ్గర కాదు, డేటా సిద్ధం చేసేటప్పుడే తేలిపోతుంది.

కావలసినవి మూడే

ప్రతి వరుసలో మూడు సంగతులు తప్పనిసరి: కేసు, పని, సమయం. ఎవరి కథ, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది అని. ఒక కేసుకు చెందిన పనులను సమయం ప్రకారం పేర్చితే వచ్చేది ట్రేస్. ఒకే రకం ట్రేసులన్నీ కలిపితే ఒక వేరియంట్.

ఇందులో కేసును ఎంచుకోవడమే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. ఒక విద్యార్థి ఒక సబ్జెక్టును సెమిస్టరంతా చదివిన తీరు ఒక కేసు కావచ్చు. ఒక విద్యార్థి ఒక వారంలో చేసిన పని కేసు కావచ్చు. ఒక్క క్విజ్ ప్రయత్నం కేసు కావచ్చు. నాలుగేళ్ల బీటెక్ మొత్తం ఒకే కేసు కావచ్చు. అదే డేటా, నాలుగు వేర్వేరు పటాలు. సెమిస్టర్ మొత్తాన్ని కేసుగా తీసుకుంటే ఒక్కో ట్రేస్‌లో వందల పనులుంటాయి, ఏ ఇద్దరివీ కలవవు, వచ్చేది నూలుండే. వారాన్ని కేసుగా తీసుకుంటే ట్రేస్ చిన్నదవుతుంది, పోలికలు కనబడతాయి. మొదటిసారి చేసేవారు ఒక సబ్జెక్టు, ఒక యూనిట్, ఒక వారంతో మొదలుపెట్టడం మంచిది.

60 మంది, నాలుగు పనులు

చేత్తో చేసి చూస్తేనే ఇది ఒంటబడుతుంది. 60 మంది ఉన్న సెక్షన్‌లో ఒక వారం లాగ్ ఇలా వచ్చిందని అనుకుందాం. లెక్క అర్థం కావడానికి కల్పించిన అంకెలివి.

వీడియో → నోట్స్ → క్విజ్ → అసైన్‌మెంట్: 22 మంది
నోట్స్ → వీడియో → క్విజ్ → అసైన్‌మెంట్: 14 మంది
క్విజ్ → వీడియో → క్విజ్ → అసైన్‌మెంట్: 15 మంది
క్విజ్ → అసైన్‌మెంట్: 6 మంది
వీడియో → నోట్స్, అక్కడితో ఆగిపోయారు: 3 మంది

ఏ పని వెంటనే ఏ పని వచ్చిందో లెక్కపెట్టాలి. వీడియో నుంచి నోట్స్‌కు 25 సార్లు, నోట్స్ నుంచి వీడియోకు 14, నోట్స్ నుంచి క్విజ్‌కు 22, వీడియో నుంచి క్విజ్‌కు 29, క్విజ్ నుంచి వెనక్కి వీడియోకు 15, క్విజ్ నుంచి అసైన్‌మెంట్‌కు 57. ఈ ఆరు బాణాలతో గీసిన బొమ్మే డైరెక్ట్లీ ఫాలోస్ గ్రాఫ్. ఏ టూల్ తెరిచినా ముందు కనిపించేది ఇదే, జనం ఎక్కువగా మోసపోయేదీ దీని దగ్గరే. ఈ బొమ్మలో క్విజ్‌తో మొదలై, వీడియోకు వెళ్లి, అక్కడి నుంచి నోట్స్‌కు పోయి ఆగిపోయే దారి ఒకటి కనిపిస్తుంది. బాణాలన్నీ ఉన్నాయి, మొదలూ చివరా సరిపోతాయి. కానీ 60 మందిలో ఒక్కరూ ఆ దారిన నడవలేదు. వేర్వేరు పిల్లల అడుగులను ఒకే బొమ్మలో కుట్టేసరికి ఎవరూ నడవని బాట పుట్టుకొచ్చింది. అందుకే గ్రాఫ్ చూసి ఏ మాటైనా అనేముందు వేరియంట్ల జాబితా తెరిచి, ఆ దారిలో నిజంగా ఎంతమంది ఉన్నారో చూడాలి.

2004లో ప్రచురితమైన ఆల్ఫా అల్గారిదం ఇదే లెక్కను ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తుంది. రెండు పనులు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ కనిపిస్తే, ఏది ముందైనా ఫరవాలేదు, రెండూ సమాంతరం అంటుంది. వీడియో, నోట్స్ విషయంలో ఆ మాట నిజమే. అయితే క్విజ్, వీడియోలను కూడా అది సమాంతరమే అంటుంది. అక్కడ జరిగింది వేరు. 15 మంది క్విజ్ రాసి, తప్పులు చూసుకొని, వీడియో చూసి, మళ్లీ క్విజ్ రాశారు. అది రెండు పనుల మధ్య తిరుగుడు. మొదటి ఆల్ఫాకు ఇలాంటి తిరుగుడు అర్థం కాదు. చదువు డేటాలో ఇదే అన్నిటికన్నా విలువైన నడక కాబట్టి, ఆల్ఫా క్లాసులో చెప్పుకోవడానికి పనికొస్తుంది గానీ పనిలో వాడదగ్గది కాదు.

హ్యూరిస్టిక్ మైనర్ అనే ఇంకో అల్గారిదం ఇక్కడ నయం. ముందుకు వెళ్లిన సంఖ్యలోంచి వెనక్కి వచ్చిన సంఖ్య తీసేసి, రెండింటి మొత్తానికి 1 కలిపి దాంతో భాగిస్తుంది. క్విజ్ నుంచి అసైన్‌మెంట్‌కు 57ను 58తో భాగిస్తే 0.98, అంటే గట్టి బంధం. వీడియో నుంచి నోట్స్‌కు 25లోంచి 14 పోగా 11, దాన్ని 40తో భాగిస్తే 0.28 కూడా దాటదు. అంటే క్రమం పట్టింపు లేదని అర్థం. తిరుగుడుకు వేరే కొలత ఉంది. క్విజ్-వీడియో-క్విజ్ అనే నమూనా 15 సార్లు కనబడింది కనుక 15ను 16తో భాగిస్తే 0.94. తిరుగుడు పట్టుబడింది.

2013లో వచ్చిన ఇండక్టివ్ మైనర్ మధ్యలో ఎక్కడా చిక్కుకుపోని మోడల్ ఇస్తుందని హామీ ఉంది. కానీ డేటా మరీ చెదిరి ఉంటే అది పువ్వు మోడల్ ఇచ్చి ఊరుకుంటుంది. మధ్యలో ఒక చుక్క, చుట్టూ రేకుల్లా పనులు, ఏ పని తర్వాత ఏదైనా చేయొచ్చు అని. డేటాకు వంద శాతం సరిపోతుంది, చెప్పేది సున్నా.

సంఖ్య ఒకటే, కథలు నాలుగు

పాఠం చెప్పిన సార్ మనసులో ఒక క్రమం ఉంటుంది: వీడియో, నోట్స్, క్విజ్, అసైన్‌మెంట్. పిల్లలు దానికి ఎంత దగ్గరగా నడిచారో కొలవడం కన్ఫార్మెన్స్ చెకింగ్. ఇందులో నమ్మదగిన పద్ధతి అలైన్‌మెంట్. ట్రేస్‌ను, మోడల్‌ను పక్కపక్కన పెట్టి, కలవని ప్రతి అడుగుకు ఒక పాయింట్ ఖర్చు వేస్తారు.

పై 60 మందినే తీసుకోండి. మొదటి 22 మందికి ఖర్చు సున్నా. నోట్స్ ముందు చదివినవారికి ఖర్చు 2. క్విజ్‌తో మొదలుపెట్టి తిరిగి వచ్చినవారికి ఒక క్విజ్ ఎక్కువ, నోట్స్ తక్కువ, అంటే 2. నేరుగా క్విజ్, అసైన్‌మెంట్ చేసినవారికి వీడియో, నోట్స్ లేవు, 2. మధ్యలో ఆగిపోయిన ముగ్గురికి క్విజ్, అసైన్‌మెంట్ లేవు, మళ్లీ 2. దీన్ని ఫిట్‌నెస్‌గా, అంటే ఖర్చును ట్రేస్ అడుగులు, మోడల్ అడుగులు కలిపిన మొత్తంతో భాగించి 1లోంచి తీసేసిన అంకెగా మారిస్తే నాలుగు అడుగులు వేసినవారికి 0.75, రెండే అడుగులు వేసినవారికి 0.67. అంటే ఆ సబ్జెక్టు ముందే వచ్చు కాబట్టి వీడియో అక్కర్లేదనుకున్న విద్యార్థికి, పుస్తకం మూసేసి వెళ్లిపోయిన విద్యార్థికి ఒకే అంకె. ఆ అంకెను రిపోర్టులో వేసి "67 శాతం అనుసరణ" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ అడుగు కలవలేదో విడివిడిగా చూడాలి. చివరి రెండు పనులు లేనివారిని ముందు పిలవాలి.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. చాలా టూల్స్‌లో అరుదైన దారులను దాచే స్లైడర్ ఉంటుంది. బొమ్మ శుభ్రంగా కనబడాలని దాన్ని కిందికి లాగుతాం. వ్యాపారంలో అది సబబే, ఎక్కువ మంది నడిచే దారే వాళ్లకు ముఖ్యం. క్లాసులో అలా కాదు. ఆ ముగ్గురు 60లో 5 శాతం. స్లైడర్ కాస్త జరిపితే ముందు మాయమయ్యేది వాళ్లే, మనం వెతుకుతున్నదీ వాళ్లనే.

లాగ్ తీసేటప్పుడు ఏం తప్పు జరుగుతుంది

మూడుల్‌లో అసలు సరుకు స్టాండర్డ్ లాగ్ టేబుల్‌లో ఉంటుంది. యూజర్, కోర్స్, ఈవెంట్ పేరు, సమయం, ఎక్కడి నుంచి వచ్చింది, ఐపీ అడ్రస్, అన్నీ అందులోనే. ముందు చూడాల్సింది లాగ్‌లను ఎన్ని రోజులు ఉంచేలా అడ్మిన్ పెట్టారని. 60 రోజులకో 90 రోజులకో పెట్టి ఉంటే సెమిస్టర్ చివర తీసే డేటాలో మొదటి నెల ఉండదు. పిల్లలందరూ రెండో యూనిట్‌తో చదువు మొదలుపెట్టినట్టు కనబడుతుంది.

సమయం సెకన్లలో, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన ఉంటుంది. మనకు 5 గంటల 30 నిమిషాలు కలపాలి. కలపకపోతే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 లోపు చేసిన పనులన్నీ ముందు రోజు ఖాతాలో పడతాయి. పరీక్ష ముందు రాత్రి ఒంటిగంటకు హాస్టల్‌లో చదివిన చదువంతా ఒక రోజు ముందే జరిగినట్టవుతుంది. డేటాబేస్ నుంచి కాక రిపోర్టు పేజీ నుంచి దించుకుంటే పాత వెర్షన్లలో సెకన్లు రావు, నిమిషాలే వస్తాయి. ఒకే నిమిషంలో జరిగిన నాలుగు పనుల్లో ఏది ముందో ఇక తెలియదు. అందుకే డేటాబేస్ నుంచే తీయాలి. సెకను కూడా ఒకటే అయితే లాగ్ వరుస నంబరును బట్టి పేర్చాలి.

ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ఇంకో గొడవ. 03/04 అన్న తేదీని ఏప్రిల్ 3గా కాక మార్చి 4గా చదివే సెట్టింగ్ ఉంటే, 12 లోపు తేదీలన్నీ నెలలు తారుమారవుతాయి, 13 నుంచి ఉన్నవి మామూలు అక్షరాలుగా మిగిలిపోతాయి. తేదీని సంవత్సరం-నెల-రోజు క్రమంలోకి మార్చేదాకా ఎక్సెల్ జోలికి వెళ్లకపోవడం మేలు.

తర్వాత ఏరివేత. టీచర్, అడ్మిన్, గెస్ట్ చేసిన పనులు, సర్వర్ తనంతట తాను నడిపే పనులు తీసేయాలి. కోర్స్ పేజీ చూశారన్న వరుసలు ప్రతి పనికీ ముందు వస్తాయి. వాటిని ఉంచితే బొమ్మ మధ్యలో ఒక పెద్ద గడి, అన్ని బాణాలూ దాని మీదుగానే పోతాయి. ఒక్క క్విజ్ రాస్తే మొదలుపెట్టడం, ప్రశ్నల పేజీలు చూడటం, సారాంశం చూడటం, పంపడం, జవాబులు చూసుకోవడం అని అరడజనుకు పైగా వరుసలు పడతాయి. వాటిని కలిపి "క్విజ్ రాశారు" అని ఒక పనిగా చేయాలి. జవాబులు చూసుకోవడాన్ని మాత్రం విడిగా ఉంచండి. తప్పులు చూసుకున్నవారికీ చూసుకోనివారికీ తేడా అక్కడే తెలుస్తుంది. 30 నిమిషాలు ఏ కదలికా లేకపోతే కూర్చున్న విడత ముగిసిందని లెక్కేయడం వాడుకలో ఉంది. అది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే.

లాగ్‌లో పడనివి కూడా గుర్తుంచుకోవాలి. వీడియో పేజీ తెరిచారని తెలుస్తుంది, చూశారో లేదో తెలియదు. మన దగ్గర ఒకరు పీడీఎఫ్ దించి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడతారు, మిగతావాళ్లు అక్కడే చదువుతారు, లేదంటే జిరాక్స్ తీయించుకుంటారు. లాగ్‌లో నోట్స్ చదివింది ఒక్కరే. గదిలో ముగ్గురికి ఒకే ల్యాప్‌టాప్ ఉంటే ఒకరి లాగిన్‌తో ముగ్గురూ వీడియో చూస్తారు. నర్సంపేట, పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లలు యాప్‌లో ముందే దించుకొని దారిలో చూసుకోవచ్చు. కాబట్టి లాగ్‌లో లేదంటే చదవలేదని కాదు, సర్వర్‌కు తెలియదని మాత్రమే. క్విజ్, అసైన్‌మెంట్ లాంటి తప్పక నమోదయ్యే పనుల మీద మాట గట్టిగా చెప్పొచ్చు. నోట్స్ మీద ఆచితూచి చెప్పాలి.

పనుల మధ్య వ్యవధి లెక్కపెట్టేటప్పుడు సెలవుల క్యాలెండర్ పక్కన ఉండాలి. బతుకమ్మ, దసరా సెలవులు, రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర రోజులు, ఇవి తీసేయకపోతే "క్విజ్ నుంచి అసైన్‌మెంట్‌కు 12 రోజుల జాప్యం" అని పిల్లల మీద లేని తప్పు వేసినట్టవుతుంది.

నాలుగేళ్ల చదువును ఒకే బాటగా చూస్తే

పరీక్షల విభాగం డేటాతో చేసే పని మరో రకం. కేసు ఒక విద్యార్థి, పనులు సబ్జెక్టు పాసవడం, ఫెయిలవడం, సప్లీ రాయడం, డిటైన్ కావడం. ఏ బ్యాక్‌లాగ్ తర్వాత ఏది మిగులుతోంది, ఏ సబ్జెక్టు దగ్గర జనం ఆగిపోతున్నారు అన్న ప్రశ్నలకు ఇక్కడ మంచి జవాబులు దొరుకుతాయి.

ఉచ్చులూ ఉన్నాయి. ఒక సెమిస్టర్ సబ్జెక్టులన్నింటి ఫలితాలు ఒకే తేదీన వస్తాయి. టూల్ వాటిని ఏదో ఒక వరుసలో పెట్టక తప్పదు. ఫైల్ అక్షరక్రమంలో ఉంటే కెమిస్ట్రీ, తర్వాత ఇంగ్లిష్, తర్వాత మ్యాథ్స్ అని అందరూ ఒకే బాటన నడిచినట్టు 60 మంది మందం బాణం వస్తుంది. అది అక్షరమాల చేసిన పని. దీనికి మందు, సెమిస్టర్‌ను ఒకే పనిగా మార్చి "ఒకటో సెమిస్టర్, బ్యాక్‌లాగ్ లేదు", "ఒకటో సెమిస్టర్, మ్యాథ్స్ బ్యాక్‌లాగ్" అని పేర్లు పెట్టడం.

పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ద్వారా వచ్చినవారు నేరుగా రెండో ఏడాదిలో చేరతారు. వాళ్ల ట్రేస్‌లో మొదటి ఏడాది ఉండదు. విడిగా తీయకపోతే మొదటి ఏడాది ఎగ్గొట్టి డిగ్రీ తెచ్చుకున్న వింత గుంపు ఒకటి కనబడుతుంది. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) హాల్ టికెట్ నంబరులో రెగ్యులర్ వారికి 1ఏ, లేటరల్ వారికి 5ఏ ఉంటుంది కనుక వేరు చేయడం తేలికే. ఆ యూనివర్సిటీలో ఆర్18 నుంచి ఆర్22కు రెగ్యులేషన్ (సిలబస్ నిబంధనలు) మారినప్పుడు సబ్జెక్టులు, కోడ్‌లు మారతాయి. రెండింటినీ కలిపి ఒకే మోడల్ తీస్తే ఎవరికీ చెందని సిలబస్ ఒకటి తయారవుతుంది. హాజరు, ఇంటర్నల్ మార్కులదీ ఇదే తీరు. పోర్టల్‌లో ఉన్న సమయం మార్కులు ఎక్కించిన సమయం, పరీక్ష రాసిన సమయం కాదు. సెక్షన్ మొత్తానికి ఒకే సాయంత్రం అయిదు నిమిషాల్లో మార్కులు పడ్డట్టుంటే పరీక్షల టైమ్‌టేబుల్ నుంచి అసలు తేదీ తెచ్చి పెట్టాలి.

పాసైన వారినీ ఫెయిలైన వారినీ విడదీసి పోల్చడం అందరూ చేసేదే. స్పెయిన్ పరిశోధకులు 2014లో మూడుల్ డేటా మీద చూపించినట్టు, ముందు విద్యార్థులను గుంపులు చేసి ఒక్కో గుంపుకు విడిగా మోడల్ తీస్తే అది డేటాకు బాగా అతుకుతుంది, చదవడమూ తేలిక. అయితే సెమిస్టర్ పొడవునా పోల్చితే పాసైన వారి ట్రేసులు పొడవుగా ఉండటం సహజం, వాళ్లు చివరిదాకా ఉన్నారు కాబట్టి. అందరినీ ఒకే తేదీ దగ్గర, అంటే మొదటి మిడ్ దగ్గర కత్తిరించి పోల్చాలి. సాయం చేయడానికి వ్యవధి ఉండేదీ అప్పుడే.

టూల్స్‌కు కొదవ లేదు. ప్రోమ్ ఉచితం, అల్గారిదాలన్నీ అందులో దొరుకుతాయి, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. పైథాన్ వచ్చినవారికి పీఎం4పై, ఆర్ భాష వాడేవారికి బూపార్ అనే ప్యాకేజీలు ఉన్నాయి. ఒక సబ్జెక్టు డేటాకు 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాబ్ కంప్యూటర్ చాలు.

రోల్ నంబర్లు మాత్రం మొదటి రోజే తీసేసి యాదృచ్ఛిక సంకేతాలు పెట్టాలి. హాల్ టికెట్ నంబరు చూస్తే చేరిన ఏడాది, కాలేజీ, బ్రాంచి తెలిసిపోతాయి కాబట్టి పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. ఒక్కరే ఉన్న వేరియంట్‌ను స్టాఫ్ మీటింగ్‌లో తెర మీద చూపిస్తే ఆ ఒక్కరెవరో గదిలో అందరికీ తెలుస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది. మొదటి ఏడాదిలో 17 ఏళ్లవారు ఎంతోమంది ఉంటారు. డేటా తీసేముందే కాలేజీ యాజమాన్యంతో, తల్లిదండ్రుల అనుమతి విషయంతో సహా, రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఇక ఆ 15 మంది సంగతి. క్విజ్‌తో మొదలుపెట్టినవారు ప్రశ్నలు చూసి ఏం చదవాలో తెలుసుకుంటున్నారా, లేక ప్రయత్నాలకు హద్దు లేదు కనుక జవాబులు ఊహించి కొట్టి చూస్తున్నారా? బొమ్మ చెప్పదు. మొదటి ప్రయత్నం ఎన్ని నిమిషాలు నడిచిందో చూడండి. 10 ప్రశ్నలు 40 సెకన్లలో పూర్తయితే అది ఊహే. నిదానంగా రాసి, జవాబులు చూసుకొని, అప్పుడు వీడియోకు వెళ్లి ఉంటే అది మంచి చదువు, దాన్ని ఆపకూడదు. ఆ గుంపులో నలుగురైదుగురిని కూర్చోబెట్టి వాళ్ల ట్రేస్ వాళ్లకే చూపించి అడగండి. ఊహే అని తేలితే ప్రయత్నాలను రెండుకు తగ్గించి, ప్రశ్నలు బ్యాంకు నుంచి మారుతూ వచ్చేలా పెట్టండి. వచ్చే సెమిస్టర్‌లో అదే వారం, అదే ఏరివేత, అదే లెక్కతో లాగ్ మళ్లీ తీసి, క్విజ్-వీడియో-క్విజ్ తిరుగుడు ఎంతకు వచ్చిందో, మొదటి ప్రయత్నం ఎన్ని నిమిషాలకు పెరిగిందో పాత బొమ్మ పక్కన పెట్టి చూడండి.